బావా, స్విచ్ ఆపినంత మాత్రాన మెషిన్ ఆగినట్టు కాదు

రాజోలు

బావా,

రంగును ఒత్తిడితో గోడకు చిమ్మే ఎయిర్‌లెస్ మెషిన్ కొన్నానని నువ్వు రాసిన ఉత్తరం చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. సంక్రాంతి ముందు నరసాపురంలో ఇల్లిల్లూ తిరుగుతూ, రోలర్ పట్టుకుని భుజాలు నొప్పి పుట్టించుకునే పని నీకు ఇక తగ్గుతుంది. కానీ ఉత్తరమంతా గోడ ఎంత నున్నగా వచ్చిందో, పని ఎంత తొందరగా తెమిలిందో రాశావు తప్ప, సాయంత్రం ఆ మెషిన్‌ని ఎవరు కడుగుతున్నారో ఒక్క ముక్క రాయలేదు. మన వైపు ఆ పని అందరికంటే చిన్న కుర్రాడి మీద పడుతుంది. “కడిగేసి రారా” అని చెప్పి మేస్త్రి టీ కొట్టుకి వెళ్లిపోతాడు. నీ దగ్గర అలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

స్విచ్ ఆపితే మోటారు ఆగుతుంది, లోపలి ఒత్తిడి తగ్గదు. ఈ మెషిన్లు 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అని) దాకా ఒత్తిడి పుట్టిస్తాయి. కారు టైరులో ఉండేది 30, 35 మాత్రమే. ప్లగ్ పీకేసినా ఆ ఒత్తిడి పంపులో, పైపులో, చేత్తో పట్టుకునే గన్‌లో నిలిచే ఉంటుంది. అప్పుడు గన్ మొనకు రంగు చిమ్మే టిప్ మూసుకుపోయిందని వేలితో తుడవబోయి ట్రిగ్గర్ నొక్కుకుంటే, రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగిపోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత చుక్కే కనిపిస్తుంది. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం రంగు, థిన్నర్ కండరాల పొరల మధ్య పాకి కొన్ని గంటల్లోనే కండను చంపేస్తాయి. వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. ఊళ్లో కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్లే గాయం కాదిది. ఆపరేషన్ చేయగల డాక్టరున్న ఆసుపత్రికి ఆ క్షణమే బయలుదేరాలి. “ఎక్కువ ఒత్తిడితో రంగు లోపలికి వెళ్లింది” అన్నదే డాక్టరుతో చెప్పే మొదటి మాట కావాలి. ఏ రంగో తెలియడానికి డబ్బా కూడా వెంట తీసుకెళ్లాలి. ఈ సంగతి నీ దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ చెప్పు బావా, కుర్రాడికి ముందు చెప్పు.

ఆపే పద్ధతి చెబుతాను. ముందు గన్ ట్రిగ్గర్ లాక్ వేయాలి. స్విచ్ ఆపి ప్లగ్ తీయాలి. ప్రెషర్ నాబ్‌ని పూర్తిగా కిందికి తిప్పాలి. ఆ తర్వాత గన్‌ని ఇనుప బకెట్ అంచుకు ఆనించి, లాక్ తీసి, రంగు రావడం ఆగేదాకా ట్రిగ్గర్ నొక్కాలి. పంపులో మిగిలిన ఒత్తిడిని వదిలే ప్రైమ్ వాల్వ్ తెరవాలి. మళ్లీ లాక్ వేయాలి. టిప్ మార్చాలన్నా, ఫిల్టరు విప్పాలన్నా, భోజనానికి లేవాలన్నా ఇంతే. ఇంత చేసినా ఒత్తిడి దిగలేదని అనుమానం వస్తే, పైపు బిగించిన నట్టును చాలా మెల్లగా, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. తొందరపడి ఒక్కసారిగా విప్పకూడదు. మన ఊళ్లలో మధ్యలో కరెంటు పోవడం మామూలే కదా. పోగానే గన్ కింద పడేసి కబుర్లలో పడతారు. పైపులో ఒత్తిడి అలాగే ఉంటుంది, కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలవుతుంది. అందుకే కరెంటు పోయినప్పుడు కూడా ఇదంతా చేయాల్సిందే.

కడగడానికి ముందు ఒక లాభం సంగతి. పావు అంగుళం పైపు 15 మీటర్లుంటే అందులో దాదాపు అర లీటరు రంగు నిలుస్తుంది. టిప్ తీసేసి, రంగు పీల్చే సక్షన్ పైపును తుడిచి నీళ్ల బకెట్‌లో పెట్టి, గన్‌ని రంగు డబ్బాలోకి వంచి తక్కువ ఒత్తిడిలో నడిపితే ఆ రంగంతా వెనక్కి వస్తుంది. నీళ్లు కనిపించగానే గన్‌ని ఖాళీ బకెట్‌కి మార్చి, తేటగా వచ్చేదాకా నడపాలి. ప్రైమ్ వాల్వ్ తెరిచి రంగును డబ్బాలోకి వెనక్కి పంపే రిటర్న్ పైపును కూడా కడగాలి. చాలామంది మరిచిపోయేది దాన్నే. మళ్లీ ఒత్తిడి దించి, అప్పుడే ఫిల్టర్లు, టిప్ మెత్తటి బ్రష్‌తో కడగాలి. టిప్ రంధ్రంలో తీగ గానీ సూది గానీ పెట్టనివ్వకు. 517 టిప్ అంటే రంధ్రం అంగుళంలో వెయ్యింట 17 వంతులే. అది కాస్త అరిగినా రంగు పట్టె చెడిపోతుంది.

ఇదంతా నీళ్లతో కలిపే ఎమల్షన్ రంగుకి. నూనె రంగైన ఎనామిల్ వేసినప్పుడు కడగాల్సింది నీళ్లతో కాదు, టర్పెంటైన్‌తో. అక్కడ భయం నిప్పుది. పైపులో ద్రవం పరుగెత్తినప్పుడు స్థిర విద్యుత్ పుట్టి రవ్వ రావచ్చు. అందుకే నేల మీద పెట్టిన ఇనుప బకెట్‌కు గన్‌ని తాకించి ఉంచాలి, ఎర్త్ ఉన్న ప్లగ్ వాడాలి, పైపు పాడైతే మెషిన్‌కి తగిన పైపే కొనాలి. టిప్ లేకుండా, తక్కువ ఒత్తిడిలో, ఆరుబయట కడగాలి. దగ్గరలో బీడీ వెలగకూడదు. ఎనామిల్ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరబెట్టించు.

మీది సముద్రం దగ్గరి ఊరు కాబట్టి బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మెషిన్‌లో పోయకు. మంచినీళ్లతోనే కడుగు. ఆ నీళ్లు కూడా పంపులో నిలవ ఉంచితే తుప్పు పడుతుంది. ఎమల్షన్ పని అయ్యాక, చివర్లో పంపులో నిలవ ఉంచే నూనె గానీ టర్పెంటైన్ గానీ ఎక్కించి పెట్టు. మన తేమకి ఇది తప్పనిసరి.

ఇక కడిగిన నీళ్లు. అవి కాలువలో పోయనివ్వకు బావా. వేసవిలో కాలువ కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ నీళ్లతోనే. చేపల చెరువులకు వెళ్లేదీ ఆ నీళ్లే. ఒక పాత డ్రమ్ములో పోసి పేరనిస్తే రంగు అడుగుకు చేరుతుంది. ఆ మడ్డిని ఎండబెట్టి చెత్తలో వేయించు. టర్పెంటైన్‌ని వేరే డబ్బాలో మూతపెట్టి ఉంచితే పైన తేరినది మళ్లీ కడగడానికి పనికొస్తుంది.

నీ మెషిన్‌తో వచ్చిన ఫిల్టరు ఎన్ని మెష్‌దో, అంటే జల్లెడ అంగుళానికి ఎన్ని కళ్లదో చూసి రాయి. ఎమల్షన్‌కి సాధారణంగా 60 వాడతారు, చిన్న టిప్‌తో ఎనామిల్ వేసేటప్పుడు 100 కావాలి. ఏది లేకపోతే అది నేను తెస్తాను. వచ్చే ఆదివారం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వస్తాను. ఆ కుర్రాణ్ణి ఇంటి దగ్గరే ఉండమను, కడగడం నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
నీ స్నేహితుడు