గంజి పెట్టిన ఏనుగు

సఖినేటిపల్లి

అమ్మలూ,

నువ్వు మీ అమ్మనూ నన్నూ పంపిన విహార ఓడ దిగి ఇంటికి వచ్చి పది రోజులయింది. "ఎలా ఉంది నాన్నా?" అని నువ్వు ఫోనులో మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ "బాగుంది" అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క చెప్పనందుకు నీ మనసు చిన్నబుచ్చుకుందని నీ గొంతులోనే తెలిసింది. ఫోను చెవికి ఆనించుకుంటే నాకు మాట సాగదు. ఇప్పుడు గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ప్రవాహం ఎక్కువగా ఉందని జనాన్ని ఏరు దాటించే పంటు ఆపేశారు. రేవు నిశ్శబ్దంగా ఉంది. అరుగు మీద కూర్చుని నీకు అంతా రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. బాల్కనీ ఉన్న గది దొరకలేదని నువ్వు నొచ్చుకున్నావు. ఆ మాట ఇక తలచుకోవద్దు. మాకిచ్చిన గదికి కిటికీ ఉంది, కిటికీ నిండా సముద్రం ఉంది. ముప్పై నాలుగేళ్లు పంటు నడిపే సరంగుగా గోదావరి పాయ వశిష్ఠను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అడ్డంగా దాటినవాడిని. సఖినేటిపల్లిలో ఎక్కించుకోవడం, నరసాపురంలో దింపడం, మళ్లీ వెనక్కి రావడం. గట్టు కనబడని నీటి మీద మూడు రాత్రులు పడుకోవడం నాకూ ఇదే మొదలు.

విశాఖలో ఓడ కట్లు విప్పక ముందే అందరినీ పిలిచి లైఫ్ జాకెట్ ఎలా తొడుక్కోవాలో, ఎవరు ఎక్కడ గుమికూడాలో చూపించారు. ఏడు పొట్టి కూతలు, ఆ వెంటనే ఒక పొడుగు కూత వినబడితే చేతిలో పని వదిలి రావాలి. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో లండన్‌లో దేశాలు కూర్చుని ఓడల భద్రతకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఈ కట్టుబాట్లన్నీ అక్కడి నుంచి పెరిగినవే. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు విసుక్కున్నారు. నేను మాత్రం కూతలు లెక్కపెట్టాను. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర విహారానికి వెళ్లినవాళ్ల బోటు మునిగిన నాటి రాత్రి మన ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు, నీకు గుర్తుండే ఉంటుంది. నీటి మీద సరదా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ రాత్రే. ఏడు కూతలూ విన్నాక ఓడ మీద నమ్మకం కుదిరింది. ఆ తరువాతే చుట్టూ ఏముందో చూడగలిగాను.

నాకు మొదట నచ్చింది పైలట్ దిగిపోవడం. ఓడ కెప్టెన్ ఎంత అనుభవం ఉన్నవాడైనా, రేవు దాటేదాకా ఆ రేవు లోతులు ఎరిగిన పైలట్ పక్కన నిలబడి దారి చెబుతాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ వెనకబడ్డాక ఒక చిన్న పడవ మా ఓడ పక్కకు వచ్చి చేరింది. ఓడ ఆగలేదు, పడవా ఆగలేదు. పైలట్ తాడు నిచ్చెన మీద దిగుతుంటే మీ అమ్మ కళ్లు మూసుకుంది. నేను అతని కాలినే చూస్తున్నాను. అల పడవను పైకెత్తే దాకా ఆగి, సరిగ్గా ఆ క్షణాన అడుగు వేశాడు. మన రేవులో నేను కొత్త కుర్రవాళ్లకు చెప్పిందీ అదే. చప్పట్లు కొట్టాలనిపించింది, కొట్టాను కూడా.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఆ రాత్రి భోజనం చేసి గది తలుపు తీసేసరికి పక్క మీద తెల్లటి ఏనుగు నిలబడి ఉంది. నాలుగు కాళ్లు, వెడల్పు చెవులు, ముందుకు సాచిన తొండం, కళ్లున్న చోట రెండు నల్ల కాగితం చుక్కలు. అంతా తువ్వాళ్లతోనే. మీ అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "ఇది మన గది కాదండీ, ఎవరో పిల్లలున్న వాళ్లది" అంది. తలుపు మీది అంకె చూపించాక లోపలికి వచ్చింది. పక్క అంచున కూర్చుని తొండాన్ని వేలితో మెల్లగా సవరించి, "ఎంత ఓపికో" అంది. ఈ ఇంట్లో అందరి పక్కలూ నలభై ఏళ్లుగా తనే వేసింది, తనే ఎత్తింది. ఆమె పక్క ఇంకొకరు వేయడం నేను చూసింది ఆ రోజే. వేసి ఊరుకోకుండా, ఆమె వచ్చి చూసుకుని నవ్వాలని దాని మీద ఒక ఏనుగును నిలబెట్టారు. చాలాసేపు ఆమె మాట్లాడలేదు.

ఆ ఏనుగును విప్పడానికి ఒప్పుకోలేదు. దాన్ని ఎత్తి కుర్చీలో పెట్టింది. మరునాడు పొద్దున్న మేము వెంట తీసుకుపోయిన మన నేత తువ్వాలుతోనే ఇద్దరం ఒళ్లు తుడుచుకున్నాం. గదులు చూసే కుర్రవాడు అది గమనించాడు. సాయంత్రానికి కుర్చీలో ఏనుగు ఉన్నచోటే ఉంది, వాడుకోవడానికి వేరే తువ్వాళ్లు రెండు వచ్చాయి, పక్క మీద మెడ వంచిన హంస చేరింది. మూడో రాత్రి చొక్కాల హ్యాంగరుకు కోతి వేలాడుతోంది. బల్ల మీద మరిచిపోయిన నా కళ్లజోడు దాని ముక్కు మీద ఉంది. పక్క గదిలో ఒక పాప ఆనందంతో కేకపెట్టింది, వాళ్లకు కుందేలు వచ్చిందట. నడవలో ఉన్న పిల్లలంతా గది గదికీ పరుగెత్తి ఎవరికి ఏ జంతువు వచ్చిందో చూసి వచ్చారు. మన కోతిని చూడటానికి అయిదుగురు వచ్చారు. మీ అమ్మ తలుపు బార్లా తీసిపెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించింది.

వాళ్లను చూస్తుంటే నాకు కొబ్బరాకు గుర్తొచ్చింది. పంటు అవతలి గట్టున ఉండిపోతే ఇవతల రేవులో గంటసేపు నిలబడే పిల్లలకు నేను ఆకు చీల్చి వాచీలు, బూరలు, కళ్లజోళ్లు చేసి ఇచ్చేవాడిని కదా. నీ చేతికి వాచీ కట్టి "టైమెంతమ్మా" అని అడిగితే, ఎప్పుడూ "పంటు వచ్చే టైము" అనేదానివి. ఆ వాచీల వల్ల పంటు ఒక్క నిమిషం ముందు వచ్చింది లేదు. కానీ ఎండలో నిలబడి ఏడ్చే పిల్లలు ఏడుపు మానేవారు, తల్లుల ముఖాలు తేటపడేవి. ఆ పని నాకెవరూ చెప్పలేదు, దానికి జీతమూ లేదు. అన్నేళ్ల కొలువులో ఇప్పటికీ తలచుకుని సంతోషించేది మాత్రం దాన్నే.

ఈత కొలను, పాట కచేరీ, మెరిసే మెట్లు, పొద్దస్తమానం భోజనాలు ఉన్నాయి. వాటి ఫోటోలు నువ్వు ముందే చూశావు. నాకు నచ్చినవి ఫోటోలో పట్టనివి. రాత్రి తలుపు కింద నుంచి ఒక కాగితం లోపలికి జారేది, మరునాటి కార్యక్రమాలతో, సూర్యోదయం వేళతో సహా. ఆ వేళ చూసుకుని అయిదింటికే పైకి పోయి, చేతిలో టీ పట్టుకుని ఓడ వెనుక వైపు నిలబడేవాడిని. నాగలి పోయినట్టు ఓడ వెనుక తెల్లటి నీటిచాలు పడుతుంది, అది కనుచూపు మేర దాకా చెదరదు. పంటు వెనుక చాలు పదిబారలు కూడా నిలవదు. ఇంకొకటి, ఓడ ఊగు. రుతుపవనాల రోజులు కదా, రెండో రాత్రి బాగానే ఊగింది. నాకు తెలిసిన ఊగే కాబట్టి హాయిగా ఉంది. మోకాళ్ల నొప్పితో రోజూ అర్ధరాత్రి దాకా నిద్రపట్టని మీ అమ్మ, ఉయ్యాలలో పసిపిల్లలా పడుకుంది. ఆమెను లేపకుండా కూర్చుని చూశాను. అమ్మలూ, నువ్వు పెట్టిన డబ్బు ఆ ఒక్క నిద్రకే తీరిపోయింది.

మొదటి రాత్రి ఇంకొక పని చేశాను. విశాఖ నుంచి అంతర్వేదికి నీటిదారిన రెండువందల ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఓడ నడక లెక్కగట్టి, తెల్లవారుజామున మూడింటికి మన ఊరి ఎదురుగా వస్తామని అనుకుని లేచి పైకి వెళ్లాను. అంతర్వేది దీపస్తంభం వెలుగు కనబడుతుందేమోనని పడమటి వైపు కళ్లు చికిలించి చూశాను. ఓడ తీరానికి చాలా దూరంగా పోతుంది, కనబడలేదు. చేపల పడవల దీపాలు మాత్రం అక్కడక్కడ మినుకుమంటున్నాయి. ఆ చీకట్లోనే ఎక్కడో వశిష్ఠ సముద్రంలో కలుస్తోంది, ఆ గట్టునే నువ్వు పుట్టావు. అటు తిరిగి నరసింహస్వామికి దండం పెట్టుకుని కిందికి వచ్చాను.

గదులు చూసే కుర్రవాడిది డార్జిలింగ్ దగ్గర పల్లె. నాకొచ్చిన కాస్త హిందీతోనే మాట కలిపాను. అమెరికా వైపు ఓడల్లో పనిచేసి వచ్చిన పెద్దవాళ్లు నేర్పారట. అక్కడ కార్నివాల్ అనే సంస్థ ఓడల్లో ఈ తువ్వాలు జంతువులు బాగా పేరుపడ్డాయనీ, మడతలు నేర్పే పుస్తకం కూడా ఆ సంస్థ అచ్చువేసిందనీ చెప్పాడు. ఒకటి నేర్పమని అడిగితే ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, పని ముగించుకుని మధ్యాహ్నం వచ్చాడు.

విను, నీకూ చెబుతాను. పెద్ద తువ్వాలును పొడుగ్గా పరిచి, రెండు కొసల నుంచీ బిగువుగా నడిమికి చుట్టుకుంటూ రావాలి. రెండు చుట్టలూ తాకాక సగానికి వంచి నిలబెడితే నాలుగు కాళ్లు, వీపు. తలకు చిన్న తువ్వాలు. ఒక అంచు నడిమిని పట్టుకుని రెండు పక్కలా ఏటవాలుగా చుడితే తొండం వస్తుంది. తిరగేసి, మిగిలిన కొసలను వెనక్కి లాగితే చెవులు. తలను వీపు మీద ఆనించడమే. బిగువు తగ్గిందా, ఏనుగు కూలబడుతుంది. మోకు చుట్టిన చేతులు కనుక నాకు రెండోసారికే వచ్చింది. అతను నా భుజం తట్టాడు. దిగే రోజు మీ అమ్మ సంచిలోంచి తను అల్లిన లేసు తీసి, "మీ అమ్మకివ్వు" అని అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తువ్వాలులా కాక, కాగితంలా జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక మొదలయింది చిక్కు. మన నేత తువ్వాళ్లు పలచన. ఎంత బిగించి చుట్టినా కాళ్లు నిలవవు. రెండు రోజులు అవస్థపడ్డాను. మూడో రోజు మీ అమ్మ అన్నం వార్చిన గంజి పలచగా చేసి, తువ్వాళ్లు ముంచి, చీరలకు పెట్టినట్టే పెట్టి ఆరేసింది. కొంచెం చెమ్మ ఉండగానే చుట్టమంది. నిలబడింది అమ్మలూ! అరుగు మీద నిలబడ్డ ఏనుగును చూడటానికి వీధి పిల్లలంతా వచ్చారు. సాయంత్రం వాన గాలికి తొండం కొంచెం వాలింది గాని, కాళ్లు మాత్రం రాత్రి దాకా గట్టిగానే ఉన్నాయి.

హంస మెడ నాకు ఇంకా కుదరలేదు. దసరాకు బుజ్జిగాడిని తీసుకుని రా, అప్పటికి నేర్చుకుంటాను. వచ్చేటప్పుడు దళసరి తువ్వాళ్లు పెద్దది ఒకటి, చిన్నది ఒకటి తెచ్చుకో. కోతికి హ్యాంగరు ఇక్కడే ఉంది. వాడి చేతికి సరిపడా కొబ్బరాకు పెరట్లో ఉంది.

ఆశీస్సులతో,
నాన్న