ఆ బాంజోని ఇంకా విప్పకు

ఒరేయ్,

నువ్వు పంపిన ఆ పాత బాంజో ఫోటోలు రాత్రి నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తోలు చిరిగింది, తీగలు తుప్పు పట్టాయి, ఒక బిరడా లేనే లేదు, అయినా ఎంత అందంగా ఉందిరా! రెండు ప్రశ్నలు అడిగావు. బాగుచేయొచ్చా, ఎంత ధర పలుకుతుంది అని. రెండింటికీ చెప్తాను గానీ, ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు స్క్రూడ్రైవర్ ముట్టుకోకు.

మూడో ఫోటోలో తోలు చిరిగిన చోట, రిమ్ అంచున (తోలు బిగించే గుండ్రటి చట్రమే రిమ్) వరసగా చిల్లులున్న నలుచదరపు లోహపు గొట్టం కనిపిస్తోంది, చూశావా? దాన్ని చూశాకే నాకు నిద్ర పట్టలేదు. బోస్టన్‌లో వేగా కంపెనీ 1909లో తెచ్చిన ట్యూబాఫోన్ బాంజోల టోన్ రింగ్, అంటే నాదం కోసం తోలు కింద పెట్టే లోహపు వలయం, అలాగే ఉంటుంది. అంతకు ముందు ఆ ఊళ్లో ఫెయిర్‌బ్యాంక్స్ అని గొప్ప బాంజో కంపెనీ ఉండేది. 1904లో వాళ్ల ఫ్యాక్టరీ కాలిపోయింది, వ్యాపారాన్ని వేగా కొనుక్కుంది. కొన్నాళ్లు ఆ పాత పేరు కూడా బాంజోల మీద వేస్తూనే వచ్చారు. అందుకే పేరు ఒక్కటే చూసి ఏడాది చెప్పేయకూడదు.

ఎలా తేల్చుకోవాలంటే, వెనక్కి తిప్పి చూడు. రిమ్ మధ్యలోంచి అడ్డంగా పోయే కర్ర ఉంటుంది, డవెల్ స్టిక్ అంటారు. దాని మీద ముద్ర, నంబరు ఉండాలి. అదే నంబరు రిమ్ లోపలి గోడ మీద కూడా ఉండాలి. రెండూ కలిస్తే దండి (తీగలు సాగే పొడుగాటి మెడ), రిమ్ పుట్టినప్పటి జోడీయే అన్నమాట. కలవకపోతే ఎవరో ఎప్పుడో మార్చారు. టార్చి వేసి నెమ్మదిగా చూడు, పెన్సిల్ రాతలు కూడా ఉంటాయి ఒక్కోసారి. ఆ కర్రని గరుకు కాగితంతో రుద్దకు, పాలిష్ పెట్టకు. ఒకసారి అరిగిపోయిన రాతని ఎవరూ తిరిగి తేలేరు.

ఇక నన్ను చాలా బాధపెట్టిన సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. సరిగ్గా ఇలాంటిది కాదు, ఇంకా పాత బాంజో, 1900కి ముందుది ఒకటి నా చేతికొచ్చింది. అప్పటి బాంజోలు పేగు తీగల కోసం చేసినవి. పేగు తీగల లాగుడు తక్కువ, కాబట్టి దండి సన్నగా ఉన్నా సరిపోయేది. దండి లోపల ఇనుప ఊచ పెట్టే పద్ధతి గిబ్సన్ కంపెనీ వాళ్లు 1920ల్లో గానీ తేలేదు. ఇదంతా నాకు తెలియక మామూలు స్టీలు తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, గోడకి తగిలించాను. మూడు వారాల తర్వాత తీస్తే దండి మీది మెట్ల నుంచి తీగలు లేచిపోయి ఉన్నాయి. దండి ముందుకు వంగిపోయింది. ఆ తర్వాత వేడి పెట్టి, బిగించి, కొంత వరకు సరిచేశాను గానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు దానికి పేగులాంటి సింథటిక్ తీగలే వేస్తున్నాను. గొంతు మెత్తగా, లోతుగా ఉంటుంది, నిజానికి దానికి పుట్టుకతో వచ్చిన గొంతు అదే. నీది నాలుగు తీగల టెనర్, స్టీలు తీగల కాలానిదే కాబట్టి ఆ భయం తక్కువ. అయినా సన్నవాటితోనే మొదలుపెట్టు.

తోలు సంగతి. తోలు బదులు వేసే ప్లాస్టిక్ హెడ్‌లు వచ్చింది 1950ల చివర్లో, అంతకు ముందు దూడ తోలే. నీకు ఏది కావాలో నువ్వే తేల్చుకో. తోలుకి తేమ పడదు, గాలి మారితే శ్రుతి మారిపోతుంది, కానీ ఆ వెచ్చదనం ప్లాస్టిక్‌కి రాదని నా నమ్మకం. ప్లాస్టిక్ అయితే కొనే ముందు రిమ్ బయటి వ్యాసం సరిగ్గా కొలువు. ఈ రోజుల్లో 11 అంగుళాలు మామూలే గానీ పాతవాటి కొలతలు అటూఇటూ ఉంటాయి, కొద్దిపాటి తేడాకే హెడ్ ఎక్కదు. తోలయితే చల్లటి నీళ్లలో నానబెట్టి, రింగుకి చుట్టి, వదులుగానే బిగించి, పూర్తిగా ఆరాకే మిగతా బిగింపు మొదలుపెట్టాలి. తోలుని లాగి పట్టే హుక్కులు ఒకవైపు నుంచి వరసగా బిగించుకుంటూ పోవద్దు. ఒకటి తిప్పితే దాని ఎదుటిది, కొంచెం కొంచెంగా. తుప్పు పట్టిన నట్టుని బలవంతం చేస్తే హుక్కు పుటుక్కున తెగుతుంది, ఆ పాత మరలకి జోడీ దొరకడం మహా కష్టం. ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలెయ్.

తోలు మీద తీగల్ని మోసే చిన్న కర్రముక్క, బ్రిడ్జిని మాత్రం జిగురుతో అంటించకు. అది తీగల బరువుకే నిలబడుతుంది. దండి పైచివర తీగలు ఆనే పట్టీ (దాన్నీ నట్ అంటారు) నుంచి పన్నెండో మెట్టుకి ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జికి కూడా దాదాపు అంతే ఉండాలి. తర్వాత చెవితో సరిచూసుకో. దండి అంచున ఉన్న తెల్ల పట్టీ సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయ్యుండొచ్చు. అది పాడవడం మొదలైతే ఆమ్లపు ఆవిరి వదులుతుంది, పక్కనున్న లోహానికి ఆకుపచ్చ తుప్పు పడుతుంది. పైగా తొందరగా అంటుకునే సరుకు, వేడి దగ్గరకు తీసుకెళ్లకు. పెట్టె మూసి ఉంచేశావా? తెరిచి గాలి తగలనివ్వు.

ఇక ఐదు తీగల దండి వేయించమని ఎవరో సలహా ఇచ్చారన్నావు. వాళ్ల మాటలో తప్పేం లేదు. 1910ల నుంచి డాన్స్ బ్యాండ్లు, జాజ్ బ్యాండ్లు నాలుగు తీగల వాటినే అడిగాయి, మంచి రిమ్‌లు ఎక్కువగా వాటికే వెళ్లాయి. 1930లకి గిటారు ఆ చోటు తీసేసుకుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు గిబ్సన్ వాళ్ల మేలురకం మాస్టర్‌టోన్ బాంజోలలో ఫ్లాట్‌హెడ్ అనే రకం టోన్ రింగ్‌తో, ఫ్యాక్టరీ నుంచే ఐదు తీగలతో వచ్చినవి చాలా అరుదు. పేరుమోసిన బ్లూగ్రాస్ బాంజో వాద్యకారుడు ఎర్ల్ స్క్రగ్స్ వాయించిన గ్రనాడా మోడల్ ఆ కోవలోదే. ఆ నాదం కోసమే ఎంతోమంది టెనర్‌లకి కొత్త దండి వేయించుకున్నారు. నువ్వూ వాయించాలనుకుంటే వేయించుకో, కానీ రిమ్‌కి ఒక్క కొత్త రంధ్రం కూడా పడకూడదు. పాత దండిని గుడ్డలో చుట్టి ఆ పెట్టెలోనే దాచు. ముక్కలన్నీ దగ్గరుంటే మళ్లీ దాన్ని దాని రూపానికి తేవచ్చు. అప్పుడే విలువ నిలుస్తుంది.

విలువ గురించి నేను అంకె చెప్పను, చేత్తో పట్టుకోకుండా చెప్పడం నీకు అన్యాయం చేయడమే. ఒకటి మాత్రం చెప్పగలను. వార్నిష్ గీతలు పడినా, నికెల్ పోయినా, అసలుదైతే దాన్ని కొత్తగా మెరిపించకు. కొత్త పాలిష్ పట్టించిన బాంజోకి చాలా ధర తగ్గిపోతుంది. మెత్తని పొడి గుడ్డ చాలు. పోల్చుకునేటప్పుడు జనం అడుగుతున్న ధరలు కాదు, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడు. అదే మోడల్, అన్నే తీగలు, అదే స్థితి ఉన్నవాటితోనే పోల్చు. అయిదు తీగల ట్యూబాఫోన్ ధర చూసి టెనర్‌కి ఆశపడొద్దు.

ఇంకొకటిరా. ఈ వాద్యం పుట్టింది కర్మాగారాల్లో కాదు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు కరీబియన్‌లో, అమెరికాలో సొరకాయ బుర్రలకి తోలు బిగించి చేసుకున్నారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా పాత బాంజోని ఇంకొంచెం జాగ్రత్తగా పట్టుకుంటాను.

కర్ర మీద నంబరు, రిమ్ లోపలి నంబరు, రెండూ వెలుతురులో ఫోటో తీసి పంపు. ఆ చిరిగిన తోలు మాత్రం పారేయకు, దాని చుట్టూ ఉన్న రింగు కొలత మనకి కావాలి.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ స్నేహితుడు