తుంటి విరిగిన మగవాళ్లకు ఎముకల పరీక్ష చేయించండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

ముషీరాబాద్ నుంచి నమస్కారం.

మా నాయన ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. వయసు 67. పోయిన వానాకాలం బాత్రూం గడప దగ్గర జారి పక్కకు పడ్డారు, తుంటి ఎముక విరిగింది. మెట్ల మీంచి పడలేదు, బండి గుద్దలేదు. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు, ఇంటికి పంపారు. ఆ డిశ్చార్జి కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. యాంటీబయాటిక్, నొప్పి గోళీ, గ్యాస్ గోళీ. నిలబడ్డ మనిషి పడితేనే తుంటి ఎందుకు విరిగిందో ఎవరూ అడగలేదు.

అయిదు నెలలకు మణికట్టు విరిగింది. అప్పుడు చూసిన డాక్టరమ్మ ముందు అడిగిందే "ఆయాసానికి ఏం గోళీలు మింగుతున్నారు?" అని. ఏళ్లుగా వాడుతున్న స్టెరాయిడ్లు, ఎముకను గుల్ల చేసేవి. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీస్తే టీ-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువకుల ఎముకతో పోల్చిన లెక్క) మైనస్ 3.1. మైనస్ 2.5కు దిగితేనే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు కింద లెక్క. ఆ గోళీలు ఆయనకు ఊపిరి, ఆపమని నేననను. వాడేవాళ్ల ఎముకలు మాత్రం చూస్తుండాలి కదా సార్.

"అది ఆడోళ్ల జబ్బు కదరా" అన్నారు నాయన. ఆడవాళ్లలో ఎక్కువే. కానీ 50 దాటిన మగవాళ్లలోనూ ప్రపంచవ్యాప్తంగా ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు వల్ల ఎముక విరుగుతోంది. తుంటి విరిగిన ఏడాదిలో చనిపోయే ముప్పు మగవాళ్లకే ఎక్కువ. పొగ, తాగుడు, ప్రొస్టేట్ క్యాన్సర్‌కిచ్చే హార్మోన్ చికిత్స కూడా ఎముకను తినేస్తాయి.

మంచాన పడ్డ రెండు నెలల్లో నాయన తొడలు సగమయ్యాయి. కండ లాగుతుంటేనే ఎముకకు బలం. కండ కరిగితే కాలు తూలుతుంది, మళ్లీ పడతారు. ఇందిరా పార్కులో పొద్దున నడిచే పెద్దవాళ్లను చూస్తుంటాను. నడక మంచిదే గానీ చాలదు, బరువులతో కసరత్తూ కావాలి. నాయన ఇప్పుడు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చుంటున్నారు. మొదటిరోజు రెండుసార్లకే చెమటలు పట్టాయి, ఇప్పుడు పది దాకా వచ్చారు.

బస్తీ దవాఖానాల్లో బీపీ, షుగర్ చూస్తున్నారు. అక్కడే 50 దాటినవాళ్లను చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవమనండి. 12 సెకన్లు, ఆపైన పడితే కండ క్షీణించి ఉండొచ్చని ఆసియా నిపుణులు 2019లో చెప్పారు. కుర్చీ, గడియారం ఉంటే చాలు. ఆరోగ్యశ్రీని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కింద పడి తుంటి విరిగిన ప్రతి పెద్దాయనకూ డిశ్చార్జికి ముందే డెక్సా, విటమిన్ డి పరీక్ష, అవసరమైతే ఎముక మందు అందులో తప్పనిసరి చేయండి. ఏడాదికోసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అనే ఎముక మందు ఉంది, రోజూ మింగే బాధ లేదు.

నాయన ఉన్న వార్డులో ఆ వారం తుంటి విరిగి చేరినవాళ్లు ఇంకో నలుగురు, అందరూ మగవాళ్లే. ఒక్కరికీ స్కాన్ రాయలేదు. వాళ్ల ఫోన్ నంబర్లు దవాఖాన రికార్డుల్లో ఉంటాయి. మళ్లీ పడకముందే పిలిపించండి.

ఇట్లు,
ఓ డ్రైవర్ కొడుకు