పెరట్లో గింజ పెట్టాలంటే భయమేస్తోంది

సంపాదకులకు నమస్కారం.

మృగశిర కార్తె వచ్చింది. హనుమకొండలో రెండు మంచి వానలు కూడా పడ్డాయి. ఎండిన బీరకాయలోనే దాచిన గింజలు, పోయినేడు ఎండబెట్టిన బంతి విత్తనం నా ముందు ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఈ రోజుల్లో పాదులు తవ్వి గింజలు పెట్టడమే నా పని. ఈసారి మాత్రం పెట్టాలా వద్దా అని నాలుగు రోజుల నుంచి తేల్చుకోలేకపోతున్నాను. కోతుల గురించే ఈ ఉత్తరం.

మాది 200 గజాల జాగా. ఇల్లు పోను వెనక 60 గజాల దాకా మట్టి మిగిలింది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, మాగిన పేడ తప్ప ఆ నేలకు నేను వేరే ఎరువు వేయలేదు. బీర, ఆనిగెపుకాయ ఒకే పందిరి మీద పాకేవి. పుంటికూర, బచ్చలి, తోటకూర బజార్లో కొన్న గుర్తు లేదు. జామచెట్టు ఏడాదికి రెండు కాపులిచ్చేది. గోడ వెంట బంతి, చామంతి. శ్రావణంలో బంతి మొక్కల తలలు తుంచితే కొమ్మలు బాగా వేసి, ఎంగిలిపూల బతుకమ్మ నాటికి చెట్టు నిండా పూసేది. తాంబాళంలో పరిచే గుమ్మడాకులు కూడా మా పాదువే. పండుగ తొమ్మిది రోజులూ వాడలోని ఆడపిల్లలు పొద్దున్నే మా ఇంటికి పూలకు వచ్చేవాళ్లు. ఒట్టి చేతులతో ఎవరినీ పంపలేదు.

పోయినేడు చేతినిండా పూలు ఇచ్చింది ఇద్దరికే. భాద్రపదంలో ఒకరోజు పొద్దున ఇరవై కోతుల దాకా గోడ దూకాయి. తినిపోతే ఇంత బాధ ఉండదు. పిందెను ఒక్కసారి కొరికి పారేస్తాయి, తీగను మొదలంటా లాగుతాయి, మొగ్గలు దులిపేస్తాయి. మూడు నెలల చాకిరీ అరగంటలో నేలపాలైంది. కర్ర తీసుకుని వెళ్తే పెద్ద కోతి పళ్లు చూపిస్తూ మీదికొచ్చింది. మా వాడలో ఒకామెను కోతి కరిస్తే కుక్కకాటుకు వేసినట్టే రేబిస్ టీకాలు వేయించుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాలన్నా టెన్షనే.

ఎదురింటివాళ్లు విసిగిపోయి రెండు దానిమ్మ చెట్లు కొట్టించి పెరడంతా సిమెంటు చేయించారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. వాన నీళ్లు ఇంకే నేల పోయింది, పిట్టలు వాలే చెట్టు పోయింది. డబ్బున్నవాళ్లు ఇనుప జాలీతో పెరడంతా గదిలా కట్టించుకుంటున్నారు. నాలాంటివాళ్లకు అది అందే ఖర్చు కాదు. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే మా పని కాదు, ఫలానా వాళ్లకు చెప్పండి అన్నారు. ఆ ఫలానా వాళ్లూ అదే మాట చెప్పారు.

తప్పు కోతులదని నేను అనను. అడవిలో మేడి, నేరేడు, తునికి, మొర్రి, రేగు తగ్గిపోతే అవి ఎక్కడికి పోతాయి? ములుగు దాటి ఏటూరునాగారం వైపు పోయే దారిలో కార్లు ఆపి అరటిపండ్లు, చిప్స్ విసిరేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. పుణ్యమని వేస్తారు, కానీ మనిషి కనిపిస్తే తిండి దొరుకుతుందని కోతికి నేర్పేది అదే. మొక్కలు నాటే కార్యక్రమాల్లోనూ రోడ్ల మధ్య కోనోకార్పస్ లాంటివి పెట్టారు. దానికి కోతి తినే కాయ ఒక్కటీ కాయదు. అడవి అంచున నేరేడు, మేడి నాటితే ఇప్పుడు కాకపోయినా పదేళ్లకైనా పనికొస్తాయి.

కోతులను పట్టి ఇంకో ఊరి పొలిమేరలో వదిలేస్తే మా పెరటి బాధ అక్కడి పెరటికి పోతుంది, అంతే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయాలి. ఇది కొత్త మాటేమీ కాదు. నిర్మల్ జిల్లా చించోలి (బి) దగ్గర ఈ ఆపరేషన్ల కోసం కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రాన్ని 2020 డిసెంబరులోనే ప్రారంభించారు. కానీ మనకు అది సుమారు 200 కిలోమీటర్ల దూరం. ఉమ్మడి వరంగల్‌కు అలాంటి కేంద్రం ఒకటి విడిగా కావాలి. కోతి ఐదున్నర నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది కాబట్టి ఆపరేషన్లు వరసగా కొన్నేళ్లు చేస్తే గుంపులు పెరగడం ఆగుతుంది. ఒక నెల హడావుడి చేసి వదిలేస్తే మాత్రం ఏమీ మిగలదు.

అప్పటిదాకా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చెత్త కుప్పలు రోడ్డు మీద తెరిచి ఉంచకుండా చూడాలి, గుంపులు ముందు దిగేది అక్కడే. అడవి దారుల్లో తిండి వేసేవాళ్లకు జరిమానా వేయాలి. పొలానికి కంచె గురించి అడిగేవాళ్లు ఉన్నారు గానీ, ఇంటి పెరట్లో నాలుగు కూరగాయలు పండించుకునేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. జాలీ కొనుక్కోవడానికి మాకూ కొంత సాయం అందించాలని నగరపాలక సంస్థను, ఉద్యాన శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మా పెరట్లో కాకర, పసుపు, కరివేపాకు జోలికి కోతులు పెద్దగా రావు. ఈ వారం కాకర, పసుపు పెట్టాను. బీర గింజలు ఇంకా కాయలోనే ఉన్నాయి.

– ఒక గృహిణి, హనుమకొండ