జులైలో తిరిగే ఆ అఫీలియన్ మెసేజ్ గురించి మీ పేపర్లో ఒక ముక్క వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

జూన్ చివరికొచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది, మీరూ చూసే ఉంటారు. రేపు పొద్దున 5.27 నుంచి భూమి సూర్యుడికి బాగా దూరమైపోతుందట, మామూలుగా 9 కోట్ల కిలోమీటర్లు ఉండేది 15 కోట్ల 20 లక్షలకి పోతుందట, ఆగస్టు 22 దాకా చలి, ఒళ్లునొప్పులు, దగ్గు, ఆయాసం తప్పవట. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇది పడ్డాక పై ఫ్లోర్ పెద్దాయన వాకింగ్ మానేశారు, పిల్లల్ని ఆడుకోడానికి కిందకి పంపనివాళ్లు కూడా ఉన్నారు. కొన్ని యూట్యూబ్ ఛానల్స్ దీన్నే వార్తలా చదివేస్తున్నాయి, అందుకే రాస్తున్నా.

అందులో నిజం ఒక్కటే, జులై మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికంటే దూరంగా ఉంటుంది, దాన్నే అఫీలియన్ అంటారు. ఆ దూరం 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. జనవరి మొదట్లో బాగా దగ్గరగా ఉన్నప్పుడు 14 కోట్ల 71 లక్షలు. తేడా 50 లక్షలే, అంటే మూడు శాతం చిల్లర. 9 కోట్ల దగ్గరికి భూమి ఎప్పుడూ పోదు. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి 8 నిమిషాల పైనే పడుతుందని హైస్కూల్ పిల్లలు కూడా చెప్తారు, 9 కోట్లయితే 5 నిమిషాల్లో వచ్చేయాలి కదా. పోనీ మెసేజే నిజమనుకుందాం, దూరం అంత పెరిగితే మనమీద పడే వెలుగు మూడో వంతుకి పడిపోవాలి, ఆకాశంలో సూర్యుడే బాగా చిన్నగా కనపడాలి, అప్పుడు దగ్గూ జలుబుతో సరిపోతుందా?

ఇంకో మాట. జనవరిలో అంత దగ్గరగా ఉండి కూడా మనకి చలెందుకు మరి? అదే సంక్రాంతికి సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లకి ఫోన్ చేస్తే అక్కడ ఎండాకాలం అంటారు. ఉన్నది ఒకే భూమి మీద, సూర్యుడికి అదే దూరంలో. భూమి 23.4 డిగ్రీలు వాలి తిరుగుతోంది కాబట్టి డిసెంబర్, జనవరిల్లో ఎండ మనమీద ఏటవాలుగా పడుతుంది, పగలు కూడా తగ్గుతుంది, వాళ్లకేమో దాదాపు నడినెత్తిన పడుతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్ 21న సూర్యుడు బాగా పైకొచ్చిన టైమ్‌కి ఒక మీటరు కర్రని నిలువుగా పాతి చూడండి, నీడ దాదాపు 86 సెంటీమీటర్లు వస్తుంది. అదే కర్రకి మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12.12 ప్రాంతంలో నీడే ఉండదు. జులైలో చల్లబడేది నైరుతి రుతుపవనాల మబ్బుల వల్ల, వానల వల్ల. జ్వరాలూ దగ్గులూ వానాకాలంలో వచ్చేవే, వాటికి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి గానీ సూర్యుడి మీద తోస్తే ఎలా?

మీకు నా రిక్వెస్ట్ ఏంటంటే, జులై 1న వెదర్ కాలమ్ పక్కనే ఈ రెండు దూరాలూ వేసి నాలుగు లైన్లు రాయండి, మెసేజ్ జనంలోకి పోకముందే. అలాగే మే నెల నీడ మాయమయ్యే రోజు సెలవుల్లో పోతుంది కానీ ఆగస్టు 3 ప్రాంతంలో మళ్లీ వస్తుంది, అప్పుడు బడులు తెరిచే ఉంటాయి. తిరుపతి వైపు అది ఆగస్టు మధ్యలో వస్తుంది. ఊరివారీగా తేదీ, టైమ్ ముందురోజే వేస్తే టీచర్లు పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి చూపిస్తారు, మబ్బు పట్టకపోతే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, ఉప్పల్, హైదరాబాద్