జూన్ నుంచి జవాబు లేని గడువు పొడిగింపు దరఖాస్తు గురించి

హనుమకొండ,
15 సెప్టెంబర్ 2025

బ్రాంచ్ మేనేజర్ గారికి,

నేను భూపాలపల్లిలో సింగరేణి కార్మికుణ్ణి. 22 ఏళ్లుగా నా జీతం మీ బ్యాంకులోనే పడుతోంది. 2020 అక్టోబర్‌లో హనుమకొండలోని ఇంటిని తాకట్టు పెట్టి మీ దగ్గర 18 లక్షలు తీసుకున్నాను. ఐదేళ్లు నెలనెలా వడ్డీ, చివర్లో అసలు మొత్తం ఒకేసారి కట్టాలన్నది ఒప్పందం. ఇప్పటికి 59 నెలల వడ్డీ కట్టాను. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు (రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. దాంతో నా వడ్డీ 13,500 నుంచి 17,250కి పోయింది. అప్పుడు కూడా ఒక్క నెల ఆపలేదు.

అక్టోబర్ 31తో గడువు అయిపోతోంది. ఈ సంగతి చెప్పడానికి నేను ఆఖరి వారం దాకా ఆగలేదు, జూన్ 9నే దరఖాస్తు పట్టుకుని వచ్చాను. కౌంటర్‌లో తీసుకున్నారు గానీ, రశీదు మీద స్టాంపు వేయమంటే "లోపల ఉంది, తర్వాత వేస్తాం" అన్నారు. రెండు వారాలకు వెళ్తే ఆ దరఖాస్తే కనపడలేదు. మళ్లీ రాసిచ్చాను. ఫైలు హైదరాబాద్ పోయిందన్నారు. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే బ్రాంచ్ నుంచి తమకేమీ రాలేదన్నారు. జులైలో నా భార్య వచ్చి గంటన్నర కూర్చుంటే "సార్‌నే రమ్మనండి అమ్మా" అని పంపించేశారు. మర్నాడు నేను ఒక మస్టర్ (ఆ రోజు హాజరు) పోగొట్టుకుని బస్సెక్కి వస్తే, లోన్లు చూసే మేడమ్ లీవ్‌లో ఉన్నారని చెప్పారు. ఆ మాట నా భార్యకు ముందు రోజే చెబితే మీ సొమ్మేం పోయేది?

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది కాల్ సెంటర్. ఆగస్టులో కంప్లయింట్ పెట్టాను. ఫస్ట్ షిఫ్ట్‌లో ఉంటాను, గనిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు, సాయంత్రం నాలుగు తర్వాతే చేయండి అని రెండుసార్లు చెప్పాను. రాసుకున్నామన్నారు. పైకి వచ్చి ఫోన్ చూస్తే పొద్దున 11 గంటలకు మూడు మిస్డ్ కాల్స్, వాటి కింద "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్. అడిగితే, కస్టమర్ ఫోన్ ఎత్తకపోతే కంప్లయింట్ దానంతట అదే మూసుకుపోతుందట. మళ్లీ పెట్టాను. మళ్లీ పొద్దున్నే చేశారు, మళ్లీ మూసేశారు. భూమి కింద పనిచేసేవాడికి మీ దగ్గర లెక్కే లేదా?

నేను అప్పు మాఫీ చేయమనడం లేదు. వచ్చే ఏడాది డిసెంబర్ 31న, 61 ఏళ్లు నిండి రిటైర్ అవుతాను. సీఎంపీఎఫ్‌లో (బొగ్గు గని కార్మికుల భవిష్య నిధి) నా జీతం నుంచి 12 శాతం, కంపెనీ వాటా అంతే, ఇన్నేళ్లుగా జమవుతున్నాయి. దానికి గ్రాట్యుటీ కలుస్తుంది. సీఎంపీఎఫ్ స్లిప్పు, సర్వీస్ సర్టిఫికెట్ రెండుసార్లు ఇచ్చాను. ఆ డబ్బు చేతికొచ్చేదాకా ఇదే వడ్డీ కడుతూ ఉంటాను, గడువు పొడిగించండి. కుదరదంటే కారణం కాగితం మీద రాసివ్వండి, ఇంకో దారి చూసుకుంటాను. మీరు ఔననక, కాదనక కూర్చుంటే బాకీ 90 రోజులు దాటి ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆపైన, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు మా గోడకు అంటిస్తారు. ఇది ఆలోచిస్తే నా భార్యకు నిద్ర పట్టడం లేదు. ఒక్క నెల వడ్డీ ఎగ్గొట్టని ఇంటికి ఈ టెన్షన్ ఎందుకు?

ఈ లేఖను స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, ఈసారి స్టాంపు పోస్టాఫీసు వాళ్లే వేస్తారు. 30 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్తాను. జీతం ఖాతా కూడా మార్చేస్తాను. మా గనిలో చాలామంది ఖాతాలు మీ దగ్గరే ఉన్నాయి. జరిగింది వాళ్లందరికీ చెబుతాను.

ఫోన్ చేస్తే మాత్రం సాయంత్రం నాలుగు తర్వాత చేయండి.

ఇట్లు,
మీ ఖాతాదారుడు