నీటి లెక్క రోజూ పత్రికకెక్కాలి: హైదరాబాద్ జలమండలి మేనేజింగ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

వానాకాలంలో గండిపేట (ఉస్మాన్‌సాగర్) గేట్లు ఎత్తిన మర్నాడు ఆ ఫొటో వేయని తెలుగు పత్రిక ఉండదు. పక్కనే చిన్న పెట్టెలో ఉస్మాన్‌సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్ 1,763.50 అడుగులు అని చెప్పి, ఆనాటి మట్టం, ఇన్‌ఫ్లో ఎన్ని క్యూసెక్కులో వేస్తారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ జంట జలాశయాలపై నగరవాసులకు మమకారం సహజం. దిగువ బస్తీలకు ఆ వార్త అత్యవసరం కూడా. అయితే అది చూసిన పాఠకుడు ఈ ఏడాది మంచినీటికి ఢోకా లేదనుకుంటాడు. నిజానికి మన నల్లాల్లో వచ్చే నీటిలో అధిక భాగం వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపింగ్ చేసి తెస్తున్న కృష్ణా, గోదావరి జలాలే. కృష్ణా నీళ్లిచ్చే నాగార్జునసాగర్‌లో మట్టం 510 అడుగులకు పడిపోతే అడుగున మిగిలిన నీటిని అదనపు మోటార్లతో తోడే ఎమర్జెన్సీ పంపింగ్ తప్పదన్న సంగతి 2024 వేసవిలో ఆ పరిస్థితి ముంచుకొచ్చాకే పతాక శీర్షికలకెక్కింది.

ఇందులో పత్రికల బాధ్యత ఉంది. నల్లగొండ ఫ్లోరైడ్ గోడును జిల్లా పేజీలు ఏళ్ల తరబడి వదలకుండా రాశాయి కనుకనే అది రాష్ట్రమంతటికీ తెలిసిన సమస్య అయింది. నగర నీటిపై అలాంటి పట్టుదల కనిపించదు. ఎండాకాలం ట్యాంకర్ దగ్గర బిందెల వరస, వానాకాలం గేట్ల ఫొటో, మధ్యలో మౌనం.

కానీ సిటీ రిపోర్టర్ చేతికి అందేదేమిటి? ఫలానా ప్రాంతాల్లో రేపు నీటి సరఫరా బంద్ అన్న ప్రకటన. అందుకే నా విన్నపం: నాగార్జునసాగర్, గోదావరి నీళ్లిచ్చే ఎల్లంపల్లి మట్టాలు, పంపింగ్‌కు ఇబ్బంది వచ్చే స్థాయికి ఇంకా ఎంత దూరంలో ఉన్నామన్నది, ఆ రోజు నగరానికి వదిలిన నీరు, డివిజన్ల వారీగా తీసిన నమూనాల్లో క్రిములను చంపే క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కన్నా తగ్గిన కాలనీల పేర్లు, ఇవన్నీ ప్రతి సాయంత్రం తెలుగులో ఒకే పేజీగా పత్రికలకు పంపండి. విఫలమైన నమూనాలను దాచవద్దు. కాలనీ పేరు చూసిన గృహిణి ఆ పూట నీళ్లు మరిగించి పిల్లలకిస్తుంది. పేరు దాస్తే ఆ అవకాశమే ఉండదు. ఎవరూ అడగకముందే సమాచారం వెల్లడించాలని, అందులో స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతూనే ఉంది.

ట్యాంకర్ బుకింగ్‌లు ఊపందుకునే మార్చికి ముందే మొదటి బులెటిన్ విడుదల చేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పత్రికా పాఠకుడు